ఆదికాండము 5లోని పది పేర్లు కలిపితే సువార్త వాక్యం వస్తుందా?

మల్కాజిగిరి యూత్ టీచర్

అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం యూత్ మీటింగ్‌లో "బైబిల్లో హెబ్రీ పేర్లు, వాటి ఆత్మీయ అర్థం" అనే పాఠం ఉంది. నలభై నిమిషాలు. వచ్చేది ఇంటర్, డిగ్రీ పిల్లలు, ఇరవై మంది దాకా. అందరి దగ్గరా తెలుగు పాత అనువాదం బైబిలే ఉంటుంది.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక ఫార్వర్డ్‌తో పాఠం మొదలుపెడదామని ఆలోచన. ఆదికాండము 5లో ఆదాము నుంచి నోవహు వరకు పది పేర్ల అర్థాలు వరసగా చదివితే సువార్త వస్తుందని అందులో ఉంది: ఆదాము (మనిషికి), షేతు (నియమింపబడింది), ఎనోషు (మరణించే), కేయినాను (దుఃఖం), మహలలేలు (స్తుతిపొందిన దేవుడు), యెరెదు (దిగివచ్చి), హనోకు (బోధిస్తాడు), మెతూషెల (ఆయన మరణం తెస్తుంది), లెమెకు (నిరాశలో ఉన్నవారికి), నోవహు (నెమ్మది).

ఈ అర్థాలు నిజంగా హెబ్రీలో ఉన్నాయా? హెబ్రీ రానివాళ్లు ఒక పేరు అర్థం సొంతగా సరిచూసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నెట్‌లో ఒక్కో సైటు ఒక్కో అర్థం చెబుతోంది. ఇంకొకటి, యాకోబు అంటే "మోసగాడు" అని చెప్పాలా, "మడిమె పట్టుకున్నవాడు" అని చెప్పాలా?

లోయర్ ట్యాంక్‌బండ్

బ్రదర్, ఆ ఫార్వర్డ్‌తో మొదలుపెట్టకండి. పదింటిలో నాలుగు పేర్లు గట్టిగా నిలబడతాయి, మూడు సగం నిలబడతాయి, మూడు నిలబడవు. ఆ వాక్యం పది పేర్ల మీదా ఆధారపడింది కాబట్టి ఒక్కటి జారినా మొత్తం కూలిపోతుంది.

గట్టివి ముందు చూద్దాం. ఆదాము అంటే మనిషి. నేలకు హెబ్రీ మాట అదామా. ఆదికాండము 2:7లో ఆ రెండు మాటలూ ఒకే వచనంలో వస్తాయి. షేతు పేరుకు కారణం 4:25లో ఉంది, దేవుడు తనకు మరియొక సంతానమును "నియమించెను" అని హవ్వ అంటుంది. అక్కడ క్రియ షాత్, పేరు షేత్. నోవహు సంగతి 5:29లో ఉంది, ఇతడు మనకు "నెమ్మది కలుగజేయును" అని తండ్రే చెప్పాడు. యెరెదు పేరుకు వచనం కారణం చెప్పదు గానీ దాని మూడు అక్షరాలు యోద్, రేష్, దాలెత్. "దిగు" అనే క్రియకూ అవే అక్షరాలు.

ఇక సగం నిలబడేవి. ఎనోషు అనేది మనిషికి మామూలు మాట. కీర్తన 8:4లో "నీవు మనుష్యుని జ్ఞాపకము చేసికొనుటకు" అన్నచోట ఉన్నది ఆ మాటే. దుర్బలుడైన మనిషి అనే ఛాయ ఉంది నిజమే, కానీ "మరణించే" అని విశేషణంగా మార్చి పక్క మాటకు అతికించడం హెబ్రీ వ్యాకరణం కాదు. మహలలేలు అంటే "దేవుని స్తుతి". దాన్ని తిరగేసి "స్తుతిపొందిన దేవుడు" అని చేస్తేనే తర్వాతి పేరుకు కర్త దొరుకుతాడు, అందుకే తిరగేశారు. హనోకు ధాతువుకు ప్రతిష్ఠించడం, అలవాటు చేయడం అని అర్థం. "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము" అని సామెతలు 22:6 హెబ్రీలో మొదలయ్యేది ఆ క్రియతోనే. యూదుల హనుక్కా పండుగ పేరూ అక్కడిదే. కాబట్టి "నేర్పు" దగ్గరి అర్థమే. "బోధిస్తాడు" అని భవిష్యత్ క్రియ చేయడం మాత్రం ఫార్వర్డ్ రాసినవారి సొంతం.

నిలబడని మూడింటి దగ్గర కాస్త ఆగాలి.

కేయినాను అక్షరాలు కోఫ్, యోద్, నూన్, నూన్. శోకగీతానికి హెబ్రీలో కీనా అంటారు, దాని అక్షరాలు కోఫ్, యోద్, నూన్, హే. మొదటి మూడూ ఒకటే కావడంతో "దుఃఖం" అని తెచ్చారు. అలాగైతే కయీను పేరులోనూ ఆ మూడే ఉన్నాయి, 4:1 చూస్తే హవ్వ దానికి దుఃఖం అని చెప్పలేదు, సంపాదించుకున్నాను అని చెప్పింది. స్ట్రాంగ్ నిఘంటువు (బైబిల్ మాటలకు ఇంగ్లీషులో అర్థాలిచ్చేది) కూడా కేయినానును "గూడు" అనే మాటతో కలిపింది గానీ శోకంతో కలపలేదు.

మెతూషెల మీద సంఘాల్లో చాలా ప్రసంగాలున్నాయి. "ఇతడు చనిపోగానే అది పంపబడును" అంటారు. లెక్క మాత్రం అద్భుతంగా సరిపోతుంది. లెమెకు పుట్టినప్పుడు ఇతనికి 187, నోవహు పుట్టినప్పుడు లెమెకుకు 182, జలప్రళయం నాటికి నోవహుకు 600. కలిపితే 969. 5:27 ప్రకారం మెతూషెల బ్రతికిన ఏండ్లు సరిగ్గా అన్నే. ఈ లెక్కను పిల్లల చేత బోర్డు మీద వేయించండి, అది వచనంలో ఉన్నదే. పేరు అర్థం దగ్గరే తేడా. హెబ్రీలో మరణం అనే మాటకు మేమ్, వావ్, తావ్ అక్షరాలు, వావ్ మధ్యలో ఉంటుంది. ఈ పేరులో ముందు మేమ్, తావ్ వచ్చి ఆ తర్వాత వావ్ వస్తుంది. మేమ్, తావ్ కలిస్తే "మనిషి" అనే పాత మాట. 4:18లో మతూషాయేలు పేరు కూడా అలాగే మొదలవుతుంది. రెండో సగం షెలహ్ అంటే ఆయుధం, ఈటె. స్ట్రాంగ్ ఇచ్చిన అర్థం కూడా "ఈటె మనిషి" అనే. "పంపు" అనే క్రియకూ షీన్, లామెద్, హేత్ అక్షరాలే కాబట్టి ఆ సగం మీద వాదించడానికి చోటుంది, "మరణం" అనే సగానికి మాత్రం లేదు. ఇంకో సంగతి, సెప్టువజింతు (పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం) ప్రతుల్లో చాలావాటిలో 187కు బదులు 167, లెమెకుకు 182కు బదులు 188 ఉంటాయి. ఆ లెక్కన మెతూషెల జలప్రళయం తర్వాత 14 ఏండ్లు బ్రతికినట్టు వస్తుంది. కాబట్టి తరగతిలో "హెబ్రీ ప్రతి ప్రకారం" అని చెప్పి లెక్క వేయండి.

లెమెకు పేరుకు హెబ్రీలో తెలిసిన ధాతువు లేదు. స్ట్రాంగ్ కూడా వాడుకలో లేని ధాతువు, అర్థం అనిశ్చితం అని రాసి ఊరుకున్నాడు. "నిరాశ" అని రాసినవారు వాక్యంలో ఖాళీ పూరించుకున్నారు.

ఇవన్నీ వదిలినా ఒక ప్రశ్న మిగులుతుంది. 4వ అధ్యాయంలో కయీను సంతానంలోనూ ఒక హనోకు, ఒక లెమెకు ఉన్నారు. ఆ లెమెకు హత్య చేసి భార్యల ముందు చెప్పుకొన్నవాడు. పేరులోనే సువార్త దాగి ఉంటే అక్కడ దానికేం అర్థం చెప్తాం?

5వ అధ్యాయంలో సువార్త కావాలంటే పేర్లలో వెతకక్కర్లేదు, పల్లవిలో ఉంది. "మృతిబొందెను" అనే మాట ఆ అధ్యాయంలో ఎనిమిది సార్లు వస్తుంది. పిల్లల చేత గట్టిగా చదివించండి, ప్రతి ఒక్కరి దగ్గరా అదే మాట. హనోకు దగ్గరికి వచ్చేసరికి 5:24లో ఆ మాట లేదు. చదివేవాళ్ల గొంతు అక్కడ తానే ఆగుతుంది.

నాంపల్లి పాఠకురాలు

పది పేర్ల సంగతి పైన అన్నగారు బాగా విడమరిచారు. సొంతగా సరిచూసుకోవడం ఎలా అన్నది నేను రాస్తాను.

మొదటి పని తెలుగు బైబిల్లోనే అవుతుంది. ఆ పేరు మొదటిసారి ఎక్కడ పెట్టారో ఆ వచనం తీయండి. "అను పేరు పెట్టెను", "అని పేరు పెట్టెను" అన్న మాటలు కనబడతాయి. దానికి ముందు మూడు, వెనుక మూడు వచనాలు చదవండి. "గనుక", "అని చెప్పి", "అనుకొని" అనే మాట ఉంటే కారణం అక్కడే ఉంది. ఆదికాండము 29:31 నుంచి 30:24 వరకు తీసుకుంటే చాలు, రూబేను నుంచి యోసేపు వరకు పదకొండు మంది కొడుకుల పేర్లకూ కారణం వ్రాసి ఉంది. దీనాకు మాత్రం లేదు. వచనం కారణం చెప్పిన పేరుకు ఆత్మీయ అర్థం ఆ కారణమే. వచనం ఏమీ చెప్పని పేరు మీద మనం ప్రసంగం కట్టకూడదు.

రెండో పని సంఖ్యలు. స్ట్రాంగ్ 1890లో హెబ్రీ మాటలన్నిటికీ 1 నుంచి 8674 వరకు సంఖ్యలు వేశాడు. ఉచిత బైబిల్ యాప్‌లలో ఆ సంఖ్యలు చూపించే ఇంగ్లీషు బైబిల్ దొరుకుతుంది. 29:35 తెరిచి యూదా పేరు నొక్కితే 3063 వస్తుంది. అదే వచనంలో "స్తుతించెదను" అన్న మాట నొక్కితే 3034. ఇప్పుడు 3063 కింద ఏం రాశారో చదవండి, 3034 నుంచి వచ్చినదని ఉంటుంది. పేరు, దాని కారణం ఒకే వచనంలో, ఒకే ధాతువుతో ముడిపడ్డాయి. ఇలా ముడి దొరికిన పేరును ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. హెబ్రీ మూల ప్రతి చూపించే సైట్లలో వచన సంఖ్య కొన్నిచోట్ల మన తెలుగు బైబిల్‌తో కలవదు. మన ఆదికాండము 32:28 అక్కడ 32:29 అవుతుంది. హోషేయ 1:10 అక్కడ 2:1. మాట కనబడకపోతే ఒక వచనం కిందకి చూడండి.

ఒక్క ముక్కలో అర్థాలు ఇచ్చే సైట్లు చాలావరకు 19వ శతాబ్దపు హిచ్‌కాక్ పేర్ల పట్టిక నుంచి ఎత్తిరాసినవి. ధాతువు ఏదో, ఏ అక్షరమో ఆ పట్టికలో చూపరు. మెతూషెల "మరణం పంపెను" అన్నది అందులోనూ ఉంది. ధాతువు చూపని అర్థాన్ని నోట్సులోకి ఎక్కించకండి.

తెలుగు లిపి వల్ల మనకు మాత్రమే వచ్చే చిక్కులు ఇంకా ముఖ్యం. హెబ్రీలో 22 అక్షరాలు. వాటి పేర్లు మన బైబిల్లోనే కీర్తన 119లో ఎనిమిదేసి వచనాలకు ఒకటి చొప్పున అచ్చయి ఉన్నాయి, పిల్లల చేత అక్కడ చదివించొచ్చు. వాటిలో ఆలెఫ్, అయిన్ రెండూ తెలుగులో వట్టి అచ్చులుగా మారిపోతాయి. హే, హేత్ రెండూ "హ". తేత్, తావ్ రెండూ "త". కఫ్, కోఫ్ రెండూ "క". అందుకని తెలుగులో ఒకేలా కనబడే పేర్లు హెబ్రీలో వేరు కావచ్చు.

ఉదాహరణకు సమూయేలును పెంచిన యాజకుడు ఏలీ. సిలువ మీద మన ప్రభువు "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ" అన్నారు. తెలుగులో రెండూ ఏలీనే. యాజకుని పేరు అయిన్‌తో మొదలవుతుంది, ధాతువు "ఎక్కు, పైకెళ్లు" వైపు, స్ట్రాంగ్ సంఖ్య 5941. సిలువ మీది మాట ఆలెఫ్‌తో, "నా దేవా" అని, దాని మూలం ఏల్, సంఖ్య 410. యాజకుడు ఏలీ పేరుకు "నా దేవుడు" అని అర్థం చెప్పే ప్రసంగాలు ఈ ఒక్క అక్షరం దగ్గరే దారి తప్పుతాయి.

చివర "ఏలు" కనబడితే దేవుడే అనుకోవడం ఇంకో తప్పు. దానియేలు, యెహెజ్కేలు, మిఖాయేలు, యోవేలు పేర్లలో ఏల్ ఉంది. రాహేలులో లేదు. అది రేష్, హేత్, లామెద్ అనే మూడక్షరాల మాట, అర్థం "ఆడగొర్రె", సంఖ్యలు కూడా పక్కపక్కనే 7353, 7354. హేబెలులో కూడా లేదు. ఆ మాటకు ఆవిరి, ఊపిరి అని అర్థం, ప్రసంగి గ్రంథంలో "వ్యర్థము" అని మనం చదివేది దానినే. చివరి "ఉ" తెలుగు చేర్చినది కాబట్టి దాన్ని తీసేసి చూడాలి. యోహాను, యోనాతాను మొదట్లో "యో" అంటే యెహోవా పేరు. యోనా మాత్రం "గువ్వ", యోబు పేరు ఆలెఫ్‌తో మొదలవుతుంది, అందులోనూ యెహోవా పేరు లేదు. యెషయా, జెకర్యా, ఊరియా చివరి "యా" యెహోవా పేరే గానీ లేయా చివరిది కాదు.

హైదరాబాదు వాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు గ్రూపులో ఎవరో ఒకరుంటారు. ఉర్దూ లిపిలో అలిఫ్ వేరు, ఐన్ వేరు. బడీ హే వేరు, ఛోటీ హే వేరు. కాఫ్, ఖాఫ్ వేరు. తెలుగులో కలిసిపోయినవి అక్కడ విడిగా ఉన్నాయి. ఉర్దూ బైబిల్ తెరిస్తే యాజకుడు ఏలీ పేరు ఐన్‌తో, హనోకు బడీ హేతో, హేబెలు ఛోటీ హేతో ఉంటాయి, హెబ్రీలో ఉన్నట్టే. యాకూబ్ అని రాస్తే యే, ఐన్, ఖాఫ్, వావ్, బే. హెబ్రీలోనూ యోద్, అయిన్, కోఫ్, బేత్. మన దక్కనీలో ఖాఫ్‌ను ఖ అని పలుకుతారు కాబట్టి పలుకుబడి విని నిర్ణయించకండి, రాసిన అక్షరం చూడండి. ఇది సూచన మాత్రమే. యేసు పేరు దగ్గరే తేడా కనబడుతుంది, హెబ్రీ యేషూవలో అయిన్ చివర ఉంటుంది, ఉర్దూ ఈసాలో ఐన్ మొదట్లో ఉంటుంది. చివరికి స్ట్రాంగ్ సంఖ్యతో సరిపోల్చుకోవాల్సిందే.

బోయిన్‌పల్లి

ఒక చిన్న చేర్పు. బైబిల్లో ఉన్న ప్రతి పేరూ హెబ్రీ కాదు. మార్త, థోమా, తబితా, కేఫా అరామిక్. పేతురు గ్రీకు. పౌలు లాటిన్, "చిన్నవాడు" అని. షద్రకు, మేషాకు, అబేద్నెగో బబులోను ఆస్థానం పెట్టిన పేర్లు, వాళ్ల హెబ్రీ పేర్లు హనన్యా, మిషాయేలు, అజర్యా. మొర్దెకై పేరులో బబులోను దేవత మర్దూకు పేరుంది. ఇలాంటి వాటిని హెబ్రీ ధాతువులతో విడగొడితే ఏదో ఒక అర్థం రాకపోదు, అది తప్పు అర్థం అవుతుంది.

మోషే సంగతి ప్రత్యేకం. నిర్గమకాండము 2:10లో ఫరో కుమార్తె "నీటినుండి ఇతని తీసితిని" అంటుంది, హెబ్రీ క్రియ మాషా. ఐగుప్తు భాషలో తుత్మోసు, రామెసేసు వంటి రాజుల పేర్లలో ఉన్న "మోసె" భాగానికి పుట్టినవాడు, బిడ్డ అని అర్థం. పేరు పెట్టింది ఐగుప్తు రాకుమారి కాబట్టి రెండూ విని ఉండాల్సిన పేరు ఇది. హెబ్రీ రూపం "తీయబడినవాడు" కాదు, "తీసేవాడు". ఇశ్రాయేలును సముద్రంలోనుంచి తీసుకువచ్చినవాడికి అది ఎంత చక్కగా అమరిందో పిల్లలకు చెప్పండి.

మల్కాజిగిరి యూత్ టీచర్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఫార్వర్డ్ తీసేస్తున్నాను, "మృతిబొందెను" చదివించడం పెడతాను. నలభై నిమిషాల్లో ఎన్ని పేర్లు పట్టొచ్చు? పిల్లలు తమ పేర్ల అర్థాలు కూడా అడుగుతారు. యాకోబు ప్రశ్న మిగిలే ఉంది.

అల్వాల్ సండే స్కూల్

నాలుగు పేర్లు దాటకండి సార్. ఇరవై పేర్లు చెబితే పట్టిక అవుతుంది, ఇంటికెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. మొదటి పది నిమిషాలు 5వ అధ్యాయం చదివించడానికి, తర్వాత పేరుకు ఆరేడు నిమిషాలు. బోర్డు మీద మూడు గళ్లు గీయండి, పేరు, వచనం, వచనం చెప్పిన కారణం. మూడో గడి పిల్లలే వచనం చదివి నింపాలి, మీరు నింపొద్దు. కారణం లేని పేరైతే ఆ గడి ఖాళీగా ఉంచాలి. ఖాళీ గడిని వదలడం నేర్పితే పిల్లలు ఇకపై ఏ ఫార్వర్డ్ వచ్చినా తామే పట్టుకుంటారు.

ఏ పేర్లంటే, కారణం వచనంలో ఉండి, ఆ పేరు కథలో ముందుకు కూడా పనిచేసేవి. నయోమి తీసుకోండి. రూతు 1:20లో "నన్ను నయోమి అనక మారా అనుడి" అంటుంది. నయోమి అంటే మధురం, మారా అంటే చేదు. అర్థం చెప్పి ఆపేయకండి. 1:22 చదివించండి. తనను మారా అనమని ఆమె అడిగాక కూడా ఆ గ్రంథం ఆమెను ఒక్కసారి కూడా మారా అనలేదు, చివరి అధ్యాయంలో బిడ్డను ఒడిలో పెట్టుకునే వరకు నయోమి అనే పిలిచింది. ఆమె తన పేరు తాను మార్చుకుంది, గ్రంథకర్త మార్చలేదు. ఆత్మీయ అర్థం అంటే ఇలా కథలో వెతకాలి.

యెజ్రెయేలు కూడా బాగుంటుంది. హోషేయ పెద్దకొడుకు పేరది, "దేవుడు విత్తును" అని అర్థం. 1:4లో ఆ పేరు యెజ్రెయేలులో పారిన రక్తానికి శిక్షగా వస్తుంది. 2:22, 23లో అదే పేరు దీవెనగా తిరిగొస్తుంది, ఆమెను నాకొరకు భూమియందు విత్తుదునని. విత్తడమూ చెదరగొట్టడమూ చేతి కదలికలో ఒకటే, గుప్పిట్లోంచి గింజలు చల్లడం. గుప్పెడు పెసలు తీసుకెళ్లి చాప మీద చల్లి చూపించండి.

బెన్యామీను మూడోది. ఆదికాండము 35:18లో తల్లి ప్రాణం పోతూ బెనోని అంది, నా దుఃఖపు కొడుకు. తండ్రి బెన్యామీను అన్నాడు, కుడిచేతి కొడుకు. ఒకే బిడ్డకు ఒకే గడియలో రెండు పేర్లు. నాలుగోది యాకోబు, దాని గురించి పైన వాళ్లు రాస్తారు.

పిల్లలు తమ పేర్లు అడిగినప్పుడు జాగ్రత్త. యబ్బేజు, మారా లాంటి పేరున్న పిల్లవాడికి నీ పేరు "వేదన", "చేదు" అని చెప్పి వదిలేస్తే మనసులో నాటుకుపోతుంది. యబ్బేజు పేరు తల్లి వేదనపడి పెట్టింది, 1 దినవృత్తాంతములు 4:9. పదో వచనం వెంటనే చదవండి, ఆ వేదన తనకు రాకుండా చేయమని అడిగాడు, దేవుడు ఇచ్చాడు. పేరుతో పాటు ఆ వచనం కూడా చెప్పకపోతే చెప్పనట్టే.

లోయర్ ట్యాంక్‌బండ్

యాకోబు గురించి. "మడిమె పట్టుకున్నవాడు" పుట్టుక నాటి కారణం, ఆదికాండము 25:26. మడిమెకు హెబ్రీ మాట ఆకేబ్, పేరు యఆకోబ్. "మోసగాడు" అన్నది పేరు పెట్టినవాళ్లు చెప్పిన అర్థం కాదు. అది 27:36లో అతని అన్నయ్య ఏశావు పలికిన మాట. దీవెన పోయిన కోపంలో, ఆ పేరు వాడికి సరిగానే చెల్లింది, ఈ రెండుమారులు మోసపుచ్చాడు అంటాడు. అక్కడి క్రియకూ అయిన్, కోఫ్, బేత్ అక్షరాలే. కాబట్టి రెండూ వచనంలో ఉన్నవే. బోర్డు మీద ఒక వరసలో కాకుండా రెండు వరసల్లో రాయండి, ఎవరన్నారు అన్నది కూడా పక్కన రాయండి. "యాకోబు అంటే మోసగాడు" అని సూటిగా చెబితే ఏశావు మాటను దేవుడన్న మాటగా చెప్పినట్టు అవుతుంది.

ఏశావు ఆ వచనంలో ఇంకో మాట కూడా ఆడాడు, తెలుగులో వినబడదు. జ్యేష్ఠత్వానికి హెబ్రీ మాట బెకోరా, దీవెనకు బెరాకా. బేత్, కఫ్, రేష్ ఒకదానికి, బేత్, రేష్, కఫ్ ఇంకోదానికి. రెండక్షరాలు తారుమారైతే ఒకటి ఇంకొకటి అవుతుంది. ఏశావు రెండూ పోగొట్టుకున్నది ఆ తారుమారులోనే. ఈ రెండు మాటలూ తెలుగు అక్షరాల్లోనే బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి పలికించండి.

తర్వాత 32వ అధ్యాయం. ఏరు పేరు యబ్బోకు. "పెనుగులాడెను" అనే క్రియ యేఆబేక్. మనిషి యఆకోబ్. మూడు మాటలూ ఒకే గొంతులో దొర్లుతాయి, ఆ రాత్రి జరిగిందంతా ఆ ధ్వనిలో ఉంది. ఆ పెనుగులాటలో యాకోబుతో పోరాడినవాడు అడిగింది 32:27లో చూడండి, నీ పేరేమి అని. అంతకు ముందు ఇలాంటి ప్రశ్న అడిగింది గ్రుడ్డితండ్రి, 27:18లో, నీవెవరవని. అప్పుడు అతను నేను ఏశావు అనే నీ జ్యేష్ఠ కుమారుడిని అన్నాడు. ఇప్పుడు యాకోబు అన్నాడు. పాఠంలో ఈ రెండు వచనాలను ఇద్దరు పిల్లల చేత ఒకరి తర్వాత ఒకరిని చదివించండి, మధ్యలో మీరేమీ చెప్పకండి.

కొత్త పేరు ఇశ్రాయేలుకు 32:28 చెప్పే కారణం, దేవునితోను మనుష్యులతోను పోరాడి గెలిచావు అన్నది. ఇలాంటి పేర్లలో మామూలుగా దేవుడే కర్త అవుతాడు, యెజ్రెయేలులో విత్తేది దేవుడైనట్టు. ఆ లెక్కన "దేవుడు పోరాడును" అనాలి. వచనం మాత్రం యాకోబును కర్తను చేసింది. ఎవరైనా తెలివైన పిల్లవాడు ఇది అడిగితే రెండూ చెప్పండి, పాఠానికి వచనం చెప్పిందే తీసుకోండి.

ఒక్క జాగ్రత్త. అబ్రాముకు అబ్రాహాము అని పేరు మారాక ఆదికాండము మళ్లీ ఎప్పుడూ అబ్రాము అనలేదు. యాకోబు విషయంలో అలా కాదు. 35:10లో ఇకమీదట ఇశ్రాయేలే అని రెండోసారి చెప్పినా, కథ అతన్ని రెండు పేర్లతోనూ పిలుస్తూ పోతుంది. "కొత్త పేరు వచ్చింది, పాతది చచ్చిపోయింది" అని చెప్పకండి. పిల్లలు పేజీ తిప్పితే పాత పేరే కనబడుతుంది. 46:2 తీసి చూపించండి. ఐగుప్తుకు పోవడానికి భయపడుతున్న ముసలివాడిని దేవుడు రాత్రి దర్శనంలో పిలుస్తాడు. ఆ వచనంలోనే అతన్ని ఇశ్రాయేలు అన్నాడు గ్రంథకర్త. దేవుడు మాత్రం "యాకోబూ యాకోబూ" అని పిలిచాడు.